జీడిగాడి నడుం, నా నోటుపుస్తకం: కుక్కకి రెండేళ్ళు కైరోప్రాక్టిక్ చేయించాక

తెనాలి నుంచి మా అమ్మ వచ్చిన రెండో వారంలో జీడిగాణ్ణి కారెక్కిస్తుంటే, "ఎక్కడికే వాణ్ణి తీసుకుపోతున్నావు?" అంది. వెన్ను సర్దించడానికి అన్నాను. ఎంత తీసుకుంటారంది. చెప్పాను. "ఎనభై అయిదు డాలర్లా! మన ఊళ్ళో అయితే ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత నడుం మీద ఒక్క తన్ను తన్నిస్తే సరిపోయేది కదే" అంది. ఆ రోజు దారంతా నవ్వుకున్నాను. 27 సార్లు వెళ్ళొచ్చి, 2,350 డాలర్లు కట్టాక ఇప్పుడు ఆ మాటకి అంత నవ్వు రావడం లేదు.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. జీడి మినియేచర్ డాషండ్. జీడిపప్పు రంగులో ఉంటాడని ఆ పేరు పెట్టాం, ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. పొట్టి కాళ్ళు, పొడుగు నడుం ముద్దుగానే ఉంటాయి గానీ, కాళ్ళని పొట్టిగా చేసే ఆ జన్యువు తేడానే వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్కుల్ని చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. గట్టిపడ్డ డిస్క్ ఒకరోజు చిట్లి వెన్నుపాముని నొక్కుతుంది. వాడికి ఆరేళ్ళప్పుడు, ఎత్తుకోబోతే కుయ్యిమని అరిచాడు. వెట్ (జంతువుల డాక్టరు) చూసి డిస్క్ జబ్బే అంది. నొప్పికి మాత్రలు రాసి, నెలపాటు బోనులాంటి క్రేట్‌లోంచి కదలనివ్వొద్దంది. నొప్పి తగ్గింది గానీ నడక బిరుసుగా ఉండిపోయింది. కైరోప్రాక్టిక్, అంటే చేత్తో వెన్నుపూసల్ని సర్దే వైద్యం, మాట వచ్చింది అప్పుడే.

ముందు తప్పు చోటికి వెళ్ళాను. మనుషులకి చేసే కైరోప్రాక్టర్ ఒకాయన శనివారాలు కుక్కల్ని కూడా చూస్తాడని ఎవరో చెప్పారు. ఎక్స్‌రేలు అడగలేదు, వెట్ కాగితమూ అడగలేదు. వేలితో రెండుసార్లు తడిమి, 24 సిట్టింగుల ప్యాకేజీ చేతిలో పెట్టాడు. దాంతో చెవి దురద కూడా పోతుందన్నాడు! 1895లో అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ ఈ వైద్యం మొదలుపెట్టింది ఒకతని వెన్ను సర్ది చెవుడు పోగొట్టానని చెప్పుకునే, కాబట్టి చెవి దురద వాళ్ళకి పెద్ద లెక్క కాదేమో. జీడిగాణ్ణి చంకన పెట్టుకుని బయటపడ్డాను. టెక్సాస్ నిబంధన ప్రకారం ముందు వెట్ పరీక్ష చేసి ఒప్పుకోవాలి, వెట్ కానివాళ్ళు చేస్తే వెట్ పర్యవేక్షణలోనే చేయాలి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇప్పటికీ వెళ్తున్నది ఇంకొకామె దగ్గరికి. ఈమె అసలు వెట్, ఆ పైన రెండొందల గంటలు దాటిన జంతు కైరోప్రాక్టిక్ కోర్సు చేసింది. మొదటిరోజే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఇది మామూలు వైద్యం కాదు, ప్రత్యామ్నాయ చికిత్స అని నాకు తెలుసునని దాని సారాంశం. ఈ రాష్ట్రంలో ఆ సంతకం తప్పనిసరి. సంతకం పెడుతుంటే మనసులో కొంచెం గుచ్చుకుంది. పెట్టించుకున్నందుకే ఆమె మీద నమ్మకమూ కలిగింది.

మొదటి విజిట్ 50 నిమిషాలు, 140 డాలర్లు. అందులో వెన్ను సర్దింది పది నిమిషాలు కూడా ఉండదు. వాణ్ణి అటూ ఇటూ నడిపించి చూసింది. వెనక పాదాన్ని మడిచి నేలకి తిరగేసి పెట్టి, వాడంతట వాడు ఎంత త్వరగా తిప్పుకుంటాడో చూసింది. మెడ నుంచి తోక దాకా ఒక్కో పూస దగ్గరా వేళ్ళు ఆనించి, ఎక్కడ కండరం బిగుసుకుంటోందో రాసుకుంది. వీడియోల్లో చూపించే టకటక చప్పుళ్ళు, విరుపులు ఏమీ లేవు. బొటనవేలితో చిన్నగా, చురుగ్గా ఒక తోపు, అంతే. కొన్నిచోట్ల పెన్ను లాంటి స్ప్రింగు పరికరం వాడింది. ఆ శబ్దం జీడికి నచ్చదు, మూడోసారి నుంచి అది మానేసింది. అయ్యాక వాడు ఒళ్ళంతా దులుపుకుని, ఆవులించి, ఇంటికొచ్చి సాయంత్రం దాకా పడుకుంటాడు.

మొదటి రెండు నెలలూ నేను ఊళ్ళో అందరికీ చెప్పాను, బ్రహ్మాండంగా పనిచేస్తోందని. మా ఆయన వినీ వినీ ఒకరోజు, "డబ్బు కట్టింది నువ్వు, చూసేదీ నువ్వే, మార్కులేసేదీ నువ్వేనా?" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ మాట నిజమే. కుక్కల కీళ్ళనొప్పుల మీద 2012లో వచ్చిన ఒక పరిశీలనలో, మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన కుక్కల గురించి కూడా యజమానులు సగానికి పైగా సందర్భాల్లో కుంటు తగ్గిందనే చెప్పారట. వెట్‌లకీ ఆ భ్రమ తప్పలేదట.

అందుకని నోటుపుస్తకం పెట్టాం. నాలుగు నెలలు రోజూ రాత్రి ఇద్దరం విడివిడిగా జీడి నడకకి పదికి మార్కులు వేశాం. ఏ రోజు తీసుకెళ్ళానో ఆయనకి చెప్పలేదు, ఆయన ఆఫీసులో ఉన్నప్పుడే వెళ్ళొచ్చాను. చివర్లో కలిపి చూస్తే, విజిట్ మర్నాడు నా మార్కులు రెండేసి పెరిగాయి. ఆయనవి కదలనే లేదు. ఇద్దరికీ కుదిరింది ఒక్కచోటే: వాడు ఎడమవైపు మెడ తిప్పి తోక మొదట్లో కొరుక్కోగలగడం. విజిట్ తర్వాత రెండు మూడు రోజులు అది తేలిగ్గా చేసేవాడు, తర్వాత మళ్ళీ మామూలే.

మధ్యలో నేను ఇండియా వెళ్ళి రెండు నెలలు ఒక్క విజిట్ కూడా లేదు. స్నేహితురాలింట్లో ఉంచాను. తిరిగొచ్చేసరికి వాడు అధ్వాన్నంగా ఏమీ లేడు. అదీ పుస్తకంలో ఉంది.

మరి ఎందుకు వెళ్తున్నావంటారా? ఎనిమిదో నెలలో జరిగింది చెప్పాలి. ఒక పొద్దున వాడి వెనక కాళ్ళు తాగినవాడిలా తడబడ్డాయి, కుడి పాదం మడతపడి ఈడ్చుకుపోయింది. నేను ఫోన్ చేసింది ఈమెకే, ఇవాళే సర్దమని. వీడియో పంపమంది. చూసి, "ఇవాళ నేను చెయ్యి వేయను, నరాల డాక్టరున్న ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, ఇప్పుడే" అంది. అక్కడ, కాలివేళ్ళు గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తోంది, నడవగలుగుతున్నాడు కాబట్టి ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు. ఆరు వారాలు క్రేట్, మాత్రలు. డిస్క్ చిట్లుతున్న రోజున ఎవరైనా నడుం సర్దుతామంటే ఒప్పుకోకండి. ఆ ముందు నెలలో ఈమె వేళ్ళు ఆనించి, "పక్కటెముకలు అయిపోయేచోట వీపు బిగుసుకుంటోంది, సోఫా ఎక్కనివ్వకండి" అని చెప్పింది. నేనే పట్టించుకోలేదు. డిస్క్ నొక్కిందీ సరిగ్గా అక్కడే. నేను ఇప్పటికీ కడుతున్నది తోపుకి కాదు, ఆ తడమడానికి. అది మామూలు వెట్ కూడా చేయగలదు నిజమే, కానీ పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌లో ఎవరూ అంతసేపు తడమరు.

నడక నిజంగా మారింది బరువు తగ్గాక. 15 పౌండ్ల వాణ్ణి 12కి తెచ్చాం. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ అది సాధ్యపడలేదు. నెయ్యి రాసిన ఇడ్లీ ముక్క బల్ల కిందికి జారుతూనే ఉండేది, అడిగితే "పిచ్చి ముండావాడు, ఆకలేస్తోందే" అనేది. సోఫాకి ర్యాంపు 60 డాలర్లు. చెక్క నేల మీద కాళ్ళు జారకుండా పొడుగు తివాచీలు వేశాం, మెడపట్టీ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ వేశాం. ఎవరైనా డాషండ్ తెచ్చుకుంటే ముందు ఇవి చేయండి, డబ్బు మిగిలితే కైరోప్రాక్టిక్ చూడండి. ఇన్సూరెన్స్ మాత్రం మొదటి కుయ్యికి ముందే తీసుకోవాలి. నేను తర్వాత తీసుకున్నాను, పాత జబ్బని వెన్నుకి పైసా ఇవ్వలేదు.

మొదట్లో వారానికోసారి, తర్వాత మూడు వారాలకోసారి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు రెండు నెలలకోసారి. అయిదుకి నా మార్కులు మూడు, అందులో రెండు ఆ రోజు చెయ్యి వేయనన్నందుకు. మా ఆయన ఒకటిన్నర ఇచ్చాడు. వచ్చే విజిట్ 14న. ఈలోగా ర్యాంపు మీద పట్టా ఒక పక్క ఊడొచ్చింది, ముందు అది అతికించాలి.