ఆరేళ్ల తర్వాత మా యెజ్డీ రంగు

నాన్నగారి పాత మోటార్‌సైకిల్ యెజ్డీ రోడ్‌కింగ్‌కి ఆరేళ్ల కిందట, సంక్రాంతి ముందు, ఇంటి పెరట్లోనే పాత రంగు ఊడదీసి కొత్తది వేశాను. అప్పటినుంచి వారానికి రెండు మూడు రోజులు కాకినాడలో తిరుగుతూనే ఉంది. కొత్త రంగు ఎవరు వేసినా కొన్నాళ్లు మెరుస్తుంది. ఎండ, ఉప్పుగాలి, పెట్రోలు చుక్కలు తగిలాక ఎంత మిగిలిందో చూసి రాద్దామని ఇన్నాళ్లు ఆగాను.

రంగు వేయడం రెండు రోజుల పని. ఊడదీయడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. ముందు పెట్రోలు మొత్తం తీసేసి, ట్యాంకుని నీళ్లతో నింపి వంపాను. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరికి కూడా నిప్పంటుకుంటుంది, ఈ పని దాటేయొద్దు. తర్వాత పెయింట్ రిమూవర్ పూసి పాలిథిన్ కప్పి ఉంచితే, పై పొర నూనెలో వేసిన అప్పడంలా పొంగింది. పైన నీలం, దాని కింద నలుపు, అన్నిటికంటే అడుగున మెరూన్. కుడివైపు పాత సొట్టలో నింపిన లప్పం గీకితే, లోపలంతా చిలుము. పైపైన ఎమరీ కాగితం కొట్టి రంగేసి ఉంటే అది ఎప్పటికీ కనిపించేది కాదు.

మా ఊళ్లో ఇనుము బయటపడితే ఒక్క రాత్రికే ఎర్రబడుతుంది. అందుకే 80, 180 నంబర్ ఎమరీతో రుద్ది, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్‌తో తుడిచి, నీళ్లతో కడిగి, హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, అదే రోజు రంగు కింద వేసే ఎపాక్సీ ప్రైమర్ పూత కొట్టేశాను. ఛాసిస్ నంబర్ మీద మాత్రం ఎమరీ ఆనించలేదు. ఆ అంకెలు అరిగితే ఆర్‌టీఓ ఆఫీసులో పెద్ద టెన్షన్. ఆర్సీలో బండి రంగు కూడా రాసి ఉంటుంది, మారుస్తుంటే అక్కడ కూడా మార్పించుకోండి.

ట్యాంకుకీ మడ్‌గార్డులకీ క్రీమ్ రంగు వేసి, పైన 2కె క్లియర్ కొట్టాను, అంటే గట్టిపరిచే హార్డెనర్ ద్రవం కలిపి వేసే రంగులేని మెరుపు పూత. సైడ్ బాక్సులకు డబ్బు మిగులుతుందని మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్, మెరూన్ వేశాను. తేడా రెండో వేసవికే తెలిసింది. ఎన్‌సీ రంగు వెలిసి, సన్నగా పగుళ్లిచ్చింది. తిన్నర్ గుడ్డ తగిలితే చేతికి అంటుకొచ్చేస్తుంది, ఎందుకంటే అది ఆరినా తన తిన్నర్‌లో మళ్లీ కరుగుతుంది. 2కె అలా కాదు, హార్డెనర్‌తో కలిసి గట్టిపడ్డాక మళ్లీ కరగదు. ట్యాంకు మీద పెట్రోలు ఎన్నిసార్లు ఒలికిందో లెక్కలేదు, మరక పడలేదు. ఖరీదు ఎక్కువైనా ట్యాంకుకి ఇంకోటి వాడొద్దనే చెప్తాను.

కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. పీలిస్తే ఆస్తమా రావచ్చు, కాగితం మాస్కు వాటిని ఆపదు. నేను ఆవిర్లను వడగట్టే డబ్బాలున్న కార్ట్‌రిడ్జ్ మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల్ని అమ్మమ్మ గారింటికి పంపి, ఆరుబయట కొట్టాను. ఆరుబయట దుమ్ముతో ఇబ్బందే. భోగి నాడు వీధి మంటల బూడిద వచ్చి మొదటి క్లియర్ మీద వాలింది. మర్నాడు 1000 నంబర్ ఎమరీతో నీళ్లు పోసి రుద్ది మళ్లీ కొట్టాల్సి వచ్చింది. పొద్దున మంచుకి తేమ పడుతుంది కాబట్టి పదకొండు దాటాకే స్ప్రే గన్ పట్టుకున్నాను. గన్ దూరంగా పట్టిన చోట బత్తాయి తొక్కలా గరుకు తేలింది, అది ఇప్పటికీ కనిపిస్తుంది.

ఫ్రేమ్‌ని బయట పౌడర్ కోటింగ్‌కి ఇచ్చాను, అంటే రంగు పొడి చల్లి వేడితో కరిగించి అంటించే పూత. సెంటర్ స్టాండ్ రాసుకునే దగ్గర తప్ప ఎక్కడా లేవలేదు.

పాడైన చోట్లు రెండు. ట్యాంకు అడుగు అతుకులో ఎమరీ దూరక పాత రంగు కొంచెం వదిలేశాను. సరిగ్గా అక్కడే పెసరగింజంత బుడగలు లేచాయి, గీరితే చిలుము. పెట్రోలు మూత చుట్టూ అంచు కూడా ఉబ్బింది. మూత రబ్బరు పాతది, తడి ఎప్పుడూ అక్కడే నిలిచేది. పదకొండు రోజులు పని చేసిన వాణ్ణి ఆ రబ్బరు కూడా మార్చి ఉండాల్సింది.

ట్యాంకు మీది బంగారు గీత మా వీధిలో సైన్‌బోర్డులు రాసే పెద్దాయన చేత్తో గీశారు. స్టిక్కర్ అతికిస్తే ఆ ఒంపు రాదు. మోకాళ్లు రాసుకునే చోట అది చెరిగింది. ఈ చలికాలం సైడ్ బాక్సులు ఊడదీసి 2కె వేశాక, ఆ కాస్త గీత మళ్లీ గీసి పెడతానన్నారు.