రీ-రిలీజ్ షోలకు వెళ్లేవాళ్లూ, ఈ థియేటర్‌తో జాగ్రత్త

బస్టాండ్ దగ్గర మాల్ పైనున్న మల్టీప్లెక్స్ ఏదో మీకు తెలుసు. పాత సినిమాల 4కె షోలకి దయచేసి అక్కడ టికెట్ తీసుకోకండి. ఇప్పుడే అక్కడ 'శివ' చూసి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది.

ఈ 2025లో రీ-రిలీజులు వరసగా చూస్తూనే ఉన్నాను. ఏప్రిల్‌లో వచ్చిన 'ఆదిత్య 369' వేరే థియేటర్లో చూశాను, ప్రింటు కడిగిన ముత్యంలా ఉంది. రాయలవారి సభలో రంగులు, 'జాణవులే' పాటలో జిక్కి గొంతు, దానికోసమే ఇంకోసారి వెళ్లొచ్చు. మే నెలలో 'జగదేకవీరుడు అతిలోక సుందరి' 2డి, 3డి రెండింట్లోనూ వేశారు. నాకైతే 2డీయే నచ్చింది, కళ్లద్దాలు పెట్టుకుంటే పాటల్లో వెలుగు తగ్గిపోయింది. 'బాహుబలి: ది ఎపిక్' దాదాపు మూడు ముప్పావు గంటలున్నా, అవంతిక ప్రేమకథ కుదించేసరికి కథ పరుగెత్తింది. చివరి యుద్ధం నిడివి మాత్రం ఇప్పటికీ ఎక్కువే.

అందుకే 'శివ' అనగానే మా నాన్నని కూడా బయల్దేరదీశాను. 1989లో కాలేజీలో ఉండగా చూశారు ఆయన. అప్పటి మోనో సౌండ్‌ని చుట్టూ, పైనా ఉన్న స్పీకర్లన్నిట్లోంచీ వినిపించే డాల్బీ అట్మాస్‌లోకి మార్చారు, టికెట్ మీద కూడా 'అట్మాస్' అని ఉంది.

బొమ్మ పడగానే అర్థమైంది. అంతా మసక. రాత్రిపూట సందుల్లో వెంటపడే సీన్లలో మనుషుల ఆకారాలే తప్ప మొహాలు లేవు. రఘువరన్ కళ్లతోనే భయపెట్టే సినిమా అది, ఆ కళ్లే కనపడలేదు. సైకిల్ చైన్ లాగే సీన్ వచ్చింది. హాలంతా ఈలలు వేయడానికి సిద్ధంగా ఉంటే, చప్పుడు తెర వెనక స్పీకర్లోంచి మాత్రం సన్నగా వచ్చింది. పక్కన గోడలకీ, పైకప్పుకీ ఉన్న స్పీకర్లలో ఉలుకూ పలుకూ లేదు.

బయటికెళ్లి మేనేజర్‌కి చెప్పాను. ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "పాత సినిమా సార్, అప్పట్లో ఇట్టాగే ఉండేది" అన్నాడు. ఈలోగా నాన్న కూడా వచ్చి, "అప్పట్లో ఇలా లేదు బాబూ, నేను చూశాను కదా" అన్నారు, చాలా మర్యాదగానే. అప్పుడు తలెత్తి, ఆయనతో కాదు, నాతో అన్నాడు: "పెద్దాయన్ని ఓసారి కళ్ల డాక్టర్‌కి చూపించండి సార్." పక్కనున్న స్టాఫ్ నవ్వారు. నాన్న ఏమీ అనకుండా లోపలికెళ్లి కూర్చున్నారు. డబ్బు సంగతి తర్వాత, ఆ మాట మాత్రం నేను మర్చిపోలేను. ఎంతో ఇష్టపడి వచ్చిన మనిషిని పట్టుకుని అంత మాట అంటారా?

ఇంటర్వెల్లో అక్కడ పనిచేసే కుర్రాడొకడు మెల్లిగా చెప్పాడు, పొద్దున 3డి షో వేశారట, దానికోసం ప్రొజెక్టర్ ముందు పెట్టిన అమరిక తియ్యలేదట. తీస్తే సాయంత్రం షోకి మళ్లీ పెట్టాలి కాబట్టి అలాగే వదిలేశారు. అది అడ్డంగా ఉంటే 2డి బొమ్మ వెలుగు బాగా పడిపోతుంది. అంటే నాన్న కళ్లకీ ఏం లేదు, సినిమాకీ ఏం లేదు. తెలిసే చేశారు. గోపాలరెడ్డి గారి కెమెరా పనితనం కొత్తగా చూసే పిల్లలు, పాత సినిమాలంటే ఇంతే కాబోలు అనుకుని వెళ్లిపోతారు. నాకు అన్నిటికంటే బాధ అదే.

డబ్బులు వెనక్కిమ్మంటే యాప్‌ని అడగమన్నారు. యాప్‌వాళ్లు థియేటర్‌ని అడగమన్నారు. కన్వీనియన్స్ ఫీజు ఎలాగూ తిరిగి రాదట.

మీకూ ఇలా జరిగితే మొదటి పది నిమిషాల్లోనే లేచి అడగండి, 3డి అమరిక తీశారా, అట్మాస్ ఆన్ చేశారా అని పేరు పెట్టి అడగండి. టికెట్ ఫొటో దాచుకోండి. వినకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యండి, నేను చేశాను.

మన చుట్టుపక్కల 'శివ' సరిగ్గా వేస్తున్న థియేటర్ ఏదైనా ఉంటే చెప్పండి. తీసేసేలోపు నాన్నని మళ్లీ తీసుకెళ్లాలి.