కొత్త నగరంలో ఎలక్ట్రిక్ సైకిల్: చాలాకాలం తొక్కాక నా మాట

కొన్నేళ్లుగా ఏ కొత్త నగరానికి వెళ్లినా మొదటి పూట నడుస్తాను, ఆ తర్వాత ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకు తీసుకుంటాను. ఫోనులోని యాప్‌తో తాళం తీసుకునేవి, దుకాణాల్లో రోజు లెక్కన ఇచ్చేవి రెండూ బాగా వాడాను. ఫలానా కంపెనీ సైకిల్ మంచిదా కాదా అన్న జోలికి పోను. ఊరు చూడటానికి వచ్చిన మనిషికి ఈ బండి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ విసిగిస్తుంది అన్నదే ఇక్కడ నా విషయం.

త్వరగా తీసుకెళ్తుందని దీన్ని అందరూ మెచ్చుకుంటారు. త్వరగా వెళ్లాలంటే మెట్రో ఉంది. నాకు నచ్చిన గుణం వేరు: ఎక్కడ పడితే అక్కడ ఆగవచ్చు. మామూలు సైకిల్ మీద ఒకసారి ఊపు అందుకున్నాక ఆగబుద్ధి కాదు. ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి బలం పెట్టి లాగాలి. పొద్దున ప్రతి సందు మొగదలా ఆగిన మనిషే మధ్యాహ్నానికి ఎంత మంచి పాత గేటు కనిపించినా ‘తిరిగి వచ్చేటప్పుడు చూద్దాం’ అనుకుంటూ సాగిపోతాడు. తిరిగి ఆ దారిన రాడు. ఎలక్ట్రిక్ సైకిల్‌ను మళ్లీ కదిలించే భారం చాలావరకు మోటారుది కనుక ఆగడానికి లెక్కలు వేసుకోనక్కర్లేదు. దారి తప్పడం కూడా అంతే. నది ఒడ్డు దాకా దిగి చూస్తే మళ్లీ పైకి ఎక్కాలి కదా అనే బెంగ ఉండదు. స్థానికుడికి ఏ వీధి ఎంత ఎత్తో కాళ్లకు తెలుసు. వచ్చినవాడికి మాత్రం ఫోనులోని పటంలో వీధులన్నీ చదునుగానే కనిపిస్తాయి. లిస్బన్ లాంటి కొండల నగరంలో ఆ సంగతి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఈ సాయం ఎంతటిదో చిన్న లెక్కతో చెప్పవచ్చు. మనిషి, సైకిల్, సంచి కలిపి 100 కిలోలు అనుకుందాం. ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు లేచే వీధిలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే, గాలినీ రాపిడినీ పక్కన పెట్టినా, ఆ బరువును పైకి మోయడానికే దాదాపు 245 వాట్ల శక్తి కావాలి. వ్యాయామం అలవాటు లేని మనిషి కాళ్లు ఎక్కువసేపు ఇవ్వగలిగేది 100 వాట్లకు అటూ ఇటూ. మిగిలినది మోటారు పెడుతుంది. కొండెక్కాక కూడా మాట్లాడగలిగే ఊపిరి ఉంటుంది. నాకు అదే ముఖ్యం, ఎందుకంటే పైన చూడవలసినది ఉందనే కదా ఎక్కింది.

సొంత సైకిల్ తెచ్చుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. రైలులో వచ్చేవాళ్లకు కొన్నిచోట్ల అది కుదురుతుంది. విమానంలో వచ్చేవాళ్లకు కుదరదు. ప్రయాణికులు వెంట తీసుకెళ్లే లిథియం బ్యాటరీ 100 వాట్-అవర్ (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలత) దాటితే విమానసంస్థ అనుమతి కావాలి, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. సైకిల్ బ్యాటరీలు సాధారణంగా 400, 500 వాట్-అవర్ ఉంటాయి. కాబట్టి దూరం నుంచి వచ్చిన ప్రతివాడూ అద్దె సైకిల్ మీద ఆధారపడవలసినవాడే.

దేశం మారితే ఈ బండి స్వభావం కూడా మారుతుంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో మామూలు సైకిల్‌గా చెల్లాలంటే మోటారు నిరంతర సామర్థ్యం 250 వాట్లు మించకూడదు, తొక్కుతున్నప్పుడే సాయం అందాలి, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆ సాయం ఆగిపోవాలి. జపాన్‌లో గంటకు 10 కిలోమీటర్ల వేగం వరకు మోటారు మన బలానికి రెండింతల దాకా సాయం ఇవ్వవచ్చు. ఆపైన తగ్గుతూ వచ్చి 24 దగ్గర సున్నా అవుతుంది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఈ బండ్లకు మూడు తరగతులున్నాయి. ఒక తరగతి బండ్లు తొక్కకుండానే నడుస్తాయి, మరో తరగతివి గంటకు 45 కిలోమీటర్ల వరకు సాయం చేస్తాయి. ఒకచోట అలవాటైన చేయి మరోచోట పనికిరాదు. 25 దగ్గర సాయం ఆగిపోయే బండి మీద 27కు పోవాలని చూస్తే గోడను నెడుతున్నట్టు ఉంటుంది, ఎందుకంటే అక్కడి నుంచి ఆ 20, 25 కిలోల ఇనుమంతా మన కాళ్ల మీదే పడుతుంది. నేను 20 దగ్గర హాయిగా సాగుతాను. కోపెన్‌హాగెన్‌లో నోరెబ్రోగాదె వీధి సిగ్నళ్లను రద్దీ వేళల్లో సరిగ్గా 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిళ్లకు వరుసగా పచ్చదీపం దొరికేలా అమర్చారు. అక్కడ 25కు పోయినవాడు ప్రతి ఎర్రదీపం దగ్గరా నా కోసం ఎదురుచూస్తుంటాడు.

అద్దెకు తీసుకునేటప్పుడు చాలామంది బ్యాటరీ ఎంతుందని అడుగుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న సెన్సర్ గురించి, అంటే ఎప్పుడు సాయం చేయాలో మోటారుకు చెప్పే పరికరం గురించి. కొన్ని సైకిళ్లు పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తాయి. అర చుట్టు తిరిగేదాకా మౌనంగా ఉండి, ఒక్కసారిగా ముందుకు దూకుతాయి. ఖాళీ రోడ్డు మీద ఇది సరదా. పిల్లలతో, సంచులతో నిండిన వీధిలో మాత్రం ప్రమాదమే. తొక్కడం ఆపాక కూడా ఒక క్షణం నెడుతూనే ఉంటాయి. రెండో రకం, పెడల్ మీద మనం ఎంత బలం పెడుతున్నామో కొలిచి దానికి తగినంతే సాయం ఇస్తుంది. మెల్లగా తొక్కితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, 1993లో యమహా జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ‘పాస్’ (PAS) అనే ఎలక్ట్రిక్ సైకిల్ నడిచింది తొక్కే బలాన్ని కొలిచే ఈ సూత్రం మీదే. ఇన్నేళ్లు గడిచినా చవకబారు అద్దె బండ్లలో మొదటి రకమే ఎక్కువ కనిపించడం నాకు కోపం తెప్పిస్తుంది. దుకాణం ముందున్న ఖాళీ స్థలంలో నడక వేగంతో ఒక చిన్న గుండ్రటి చుట్టు కొట్టి చూడండి. బండి మధ్యలో ఉలిక్కిపడితే ఇంకోటి అడగండి. ఇంకోటి లేకపోతే సిగ్నళ్ల దగ్గర పెడల్ మీద కాలు బరువు వేయకుండా, బ్రేకు పట్టి ఉంచడం అలవాటు చేసుకోండి. చాలా బండ్లలో బ్రేకు నొక్కితే మోటారు ఆగుతుంది.

గేర్ల సంగతి ఇంత పెద్దది కాదు. మోటారు పెడళ్ల దగ్గర ఉన్న బండిలో అది కూడా చైను ద్వారానే లాగుతుంది కాబట్టి ఆగే ముందే చిన్న గేరుకు దించుకోవాలి. వెనక చక్రం ఇరుసులోనే గేర్లున్న సైకిల్ దొరికితే వదలకండి, ఆగి ఉన్నప్పుడు కూడా మార్చుకోవచ్చు. ఇన్నిసార్లు ఆగే మనకు అదే మేలు.

బ్యాటరీ గురించి భయపడవలసినంత లేదు. 100 కిలోల బరువును 100 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లడానికి సిద్ధాంతం ప్రకారం 27 వాట్-అవర్ చాలు. మోటారులో వృథా అయ్యేది కలుపుకొన్నా 500 వాట్-అవర్ బ్యాటరీకి అది పెద్ద బరువు కాదు. దాన్ని నిజంగా తినేవి ఎదురుగాలి, గాలి తగ్గిన టైర్లు, పొద్దుటినుంచీ పెద్ద స్థాయిలోనే పెట్టి ఉంచిన సాయం. చలిలో బ్యాటరీ తన పూర్తి సత్తా ఇవ్వదు. తెర మీది గీతలను కూడా పూర్తిగా నమ్మకూడదు, మొదటి గీత ఎంతోసేపు నిలబడుతుంది, చివరిది చూస్తుండగానే మాయమవుతుంది. నేను టైర్లు నొక్కి చూడకుండా బయలుదేరను.

యాప్ సైకిళ్లకు, దుకాణం సైకిళ్లకు మధ్య తేడా డబ్బు లెక్క దగ్గరే తేలుతుంది. యాప్ బండి నిమిషాల లెక్కన డబ్బు తీసుకుంటుంది. అంటే నేను మెచ్చుకున్న గుణాన్ని, ఆగడాన్ని, అదే చంపేస్తుంది. ఆగి ఒక తలుపు చెక్కడం చూస్తుంటే మీటరు తిరుగుతూనే ఉంటుంది. అక్కడే వదిలేద్దామంటే చాలాచోట్ల నిర్ణయించిన గీతల్లోనే పెట్టాలి. చూడదగిన ప్రదేశాల పక్కనున్న స్టేషన్లు సాయంత్రానికి నిండిపోయి ఉంటాయి. ఒకసారి తాళం వేశాక కూడా యాప్ ప్రయాణం ముగిసినట్టు గుర్తించలేదు. సైకిల్‌కు తీసిన ఫోటో పంపితేగాని ఆ కంపెనీ డబ్బు వెనక్కి ఇవ్వలేదు. అప్పటి నుంచి దిగిన ప్రతిసారీ ఫోటో తీస్తున్నాను. ఫోనులో ఛార్జింగ్ అయిపోతే ప్రయాణం ముగించడం కూడా కుదరదన్నది ఈ ఏర్పాటులోని విడ్డూరం.

అయినా యాప్ బండ్లను తీసిపారేయను. ఒకవైపు ప్రయాణానికి వాటిని మించింది లేదు: కొండ మీదికి సైకిల్ మీద వెళ్లి, అక్కడ వదిలేసి, మెల్లగా నడుస్తూ దిగిరావచ్చు. మాడ్రిడ్ 2014లోనే తన ప్రజా సైకిళ్లను మొత్తం ఎలక్ట్రిక్‌గా మొదలుపెట్టింది. పారిస్ ప్రజా సైకిళ్ల ఏర్పాటు వెలిబ్‌లో రెండు రకాలూ కలిసే ఉంటాయి, నీలం రంగువి ఎలక్ట్రిక్, ఆకుపచ్చవి మామూలువి. చదును వీధుల్లో ఒకటి రెండు కిలోమీటర్లకు నేను ఆకుపచ్చదాన్నే తీసుకుంటాను, తేలిక. రోజంతా తిరగాలంటే మాత్రం దుకాణం సైకిలే. అక్కడ మీటరు లేదు, తాళాలు ఇస్తారు, సీటు ఎత్తు సరిచేస్తారు. బండి పోతే ఎంత కట్టాలో మాత్రం కాగితం మీద చూశాకే సంతకం పెట్టండి.

ఇక విసిగించేవి. మొదటిది బరువు. చదునులో కనిపించదు, మెట్లు ఎదురైనప్పుడు కనిపిస్తుంది. రైలు పట్టాల కింది దారికి మెట్లు తప్ప వాలు లేని చోట 25 కిలోల బండిని మోసినవాడు ఆ నగర ప్రణాళికను జన్మలో మరిచిపోడు. కొన్ని సైకిళ్లలో నడిపించుకుంటూ వెళ్లేటప్పుడు సాయపడే మీట ఉంటుంది, మనిషి నడక వేగంతో బండిని తోస్తుంది. ఎవరూ పెద్దగా చెప్పుకోని ఈ మీటను నేను మాత్రం వెతికి మరీ చూసుకుంటాను. వాలులో దిగేటప్పుడూ ఆ బరువే ఎదురు తిరుగుతుంది, ముందు వెనక బ్రేకులు రెండూ కలిపి, మధ్యమధ్య వదులుతూ వాడాలి. రెండోది ట్రామ్ పట్టాలు. వాటిని వీలైనంత అడ్డంగా దాటాలి, ఏటవాలుగా పోతే సన్నటి టైరు సందులో ఇరుక్కుంటుంది. పట్టా తడిస్తే అడ్డంగా పోయినా జారవచ్చు.

మూడోది, ఎడమా కుడీ. మనకు అలవాటైన వైపు కాకుండా రెండోవైపు నడిచే దేశంలో నేరుగా పోతున్నంతసేపు ఇబ్బంది ఉండదు, మలుపు తిరిగాక చేయి తనంతట తాను పాత వైపుకు లాగుతుంది. మొదటి గంట మోటారు సాయాన్ని తక్కువలో పెట్టుకోవడం మంచిది. వాహనాలు కుడివైపు నడిచే డెన్మార్క్‌లో సైకిల్ మీద ఎడమకు తిరగాలంటే కూడలిని నేరుగా దాటి, అవతలి మూలన ఆగి, అప్పుడు తిరగాలి. అక్కడి చట్టం అది. కొత్తవాళ్లకు ఇంతకన్నా నెమ్మదైన పద్ధతి నాకు తెలియదు, నిబంధన లేని చోట్ల కూడా నేను అలాగే తిరుగుతున్నాను.

చమట పట్టదని అందరూ చెబుతారు, నిజమే. అందుకే చలి వేస్తుందన్నది ఎవరూ చెప్పరు. ఒళ్లు వేడెక్కదు, గాలి మాత్రం కొడుతూనే ఉంటుంది. చేతి తొడుగులు మరవకండి. సాయంత్రానికి అలసిపోయేవి కాళ్లు కావు, మణికట్టులూ నడుమూ.

పాత నగరం నడిబొడ్డుకు దీన్ని తీసుకెళ్లడం దండగ. అక్కడి వీధులు నడక కోసమే పుట్టాయి, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఏ శిలాఫలకమూ చదవలేం. అంచున మంచి స్తంభానికి రెండు తాళాలు వేసి లోపలికి నడిచిపోతాను. ఈ బండి రాణించేది ఆ నడిబొడ్డుకూ మెట్రో చివరి స్టేషన్‌కూ మధ్య, యాత్రికుల పుస్తకాల్లో సగం పేజీ కూడా దక్కని పేటల్లో: కాలువ గట్లు, పాత కర్మాగారాల వాడలు, కొండ వెనక తోటలు. నడవడానికి దూరం, బస్సు ఎక్కడానికి దగ్గర అనిపించే చోట్లన్నీ దీనివే. ట్రాఫిక్‌లో సైకిల్ తొక్కడం బొత్తిగా అలవాటు లేనివాళ్లకు మాత్రం కొత్త ఊళ్లో దీనితో మొదలుపెట్టమని చెప్పను.

వాన, రాళ్లు పరిచిన వాలు వీధి, ట్రామ్ పట్టాలు మూడూ ఒకేచోట కలిసిన రోజున నేను తాళం తీయను. ఆ రోజు ట్రామ్ ఎక్కుతాను.