నింగ్బోలో పుస్తకాల ఇల్లు: వెళ్లింది ఒకరి కోసం, గుర్తుండిపోయింది ఇంకొకరు

షాంఘై నుంచి నింగ్బోకి రైల్లో రెండు గంటల పైచిలుకు. మెట్రో ఒకటో లైన్లో సీమెన్‌కౌ దగ్గర దిగితే తియన్ యీ గ గ్రంథాలయానికి నడిచే వెళ్లిపోవచ్చు. టికెట్ 30 యువాన్లు. 1561-66 మధ్య కట్టినది. చైనాలో ఇప్పటికీ నిలిచున్న సొంత గ్రంథాలయాల్లో ఇదే పాతది.

కట్టించిన ఫాన్ చిన్ కోసమే వెళ్లాను. తీరా చూస్తే ఆయన స్నేహితుడు ఫెంగ్ ఫాంగ్ బుర్రలో తిష్ఠ వేశాడు. 1523లో కొలువులకి పెట్టే అత్యున్నత పరీక్ష జిన్‌షీ గట్టెక్కిన పండితుడు, లిపి రాయడంలో అందెవేసిన చెయ్యి. తాతల నాటి పొలాలు అమ్మి మరీ పుస్తకాలు కొన్నాడట. తండ్రి చక్రవర్తిని ఎదిరించి ప్రవాసంలో కన్నుమూస్తే, కొడుకు పదవి ఆశతో ఆ చక్రవర్తికే వత్తాసుగా అర్జీ పెట్టాడు. పదవి రాలేదు, ఉన్న పరువూ పోయింది. పైగా తానే రాసి, ప్రాచీన గ్రంథాలంటూ చలామణీ చేసిన ఘనుడు! యువెహు సరస్సు దగ్గరి అతని 'పదివేల సంపుటాల మేడ'లో శిష్యులు దోచుకున్నవి పోగా, నిప్పు చాలావాటిని మింగేసింది. మిగిలినవాటిని ఫాన్ చిన్ కొన్నాడు.

ఫాన్ చిన్ పద్ధతి మనిషి. నిప్పుకి భయపడి గ్రంథాలయం పేరే నీటిని తలపించేలా పెట్టాడు, ముందు కోనేరు తవ్వించాడు. ఆస్తి పంపకంలో ఒక వాటా పదివేల తాయెల్‌ల (చైనా తూకం) వెండి, రెండో వాటా పుస్తకాలు. పెద్దకొడుకు పుస్తకాలే కోరుకున్నాడు. బయటివాళ్లలో ఫాన్ వంశంవాళ్లు మొదట పుస్తకాలున్న పై అంతస్తుకి ఎక్కనిచ్చింది పండితుడు హువాంగ్ జోంగ్‌షీని, అదీ 1673లో. అంత దాచిపెట్టడం నాకు నచ్చలేదు, కానీ అందుకే మిగిలాయేమో.

మనల్నీ పైకి పోనివ్వరు, కింద నుంచి చూడటమే. ఆ వెలితి తీర్చింది ఫెంగ్ ఇంటి నుంచి వచ్చిన లాన్‌టింగ్ శిలాఫలకం. పేరుమోసిన లిపికారుడు వాంగ్ షీజి 353లో లాన్‌టింగ్ కవితలకి రాసిన పీఠికకి అది నకలు. గొలుసుకట్టు రాత ముందు నా ఫోన్లోని అనువాద యాప్ చేతులెత్తేసింది. చైనా లిపి తెలిసినవాళ్లెవరైనా తోడుంటే రెండు గంటలు చాలవు, లేకపోతే గంట ఎక్కువే. జనమంతా ఆ ఆవరణలోనే ఉన్న మాజాంగ్ (చైనా పలకల ఆట) ప్రదర్శనశాలలో ఉన్నారు!

బస సంగతి. స్టేషన్ దగ్గర చవగ్గా బుక్ చేసిన హోటల్ పాస్‌పోర్ట్ చూసి విదేశీయులకి గది ఇవ్వమంది. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సరస్సు పక్కన దొరికిన చిన్న లాడ్జి ఖరీదైనా, పొద్దున్నే గట్టు మీద నడకకి ఆ డబ్బు చెల్లుతుంది.

శాకాహారులకి ఒక్క మాట: నల్లనువ్వుల తాంగ్యువాన్ మన ఉండ్రాళ్లలా ముద్దొస్తాయి గానీ, లోపలి పూర్ణంలో పంది కొవ్వు కలుపుతారు. నాకు నాలుగోది తిన్నాక తెలిసింది.