ఫోర్ట్‌వర్త్ ఆమన్ కార్టర్ మ్యూజియం: బ్రాంక్ (మాలిమి కాని, ఎగిరి దూకే) గుర్రాల బొమ్మల కోసం వెళ్ళేవాళ్ళకు

టెక్సాస్‌లోని ఈ మ్యూజియానికి టికెట్ లేదు, సోమవారం సెలవు. 1961లో తెరిచినప్పటి నుంచీ దీనికి ప్రాణం కౌబాయ్‌ల బొమ్మలకు పేరుపడ్డ కళాకారులు ఫ్రెడరిక్ రెమింగ్టన్, చార్లెస్ రస్సెల్‌ల పనే. ఇద్దరివీ కలిపి దాదాపు 400 ఉన్నాయి. అయితే గేటు తెరుచుకోగానే దూకే గుర్రం, రౌతు ఎనిమిది సెకన్లు నిలిచాడని మోగే గంట, చుట్టూ జనం ఉండే రోడియో (కౌబాయ్ పోటీల) బొమ్మల కోసమైతే నిరాశే. ఇక్కడ కనిపించేది రోడియోకి తల్లివేరు: రాంచ్‌లో పొగరుబోతు గుర్రాన్ని జీనుకు మాలిమి చేసే పని.

రెమింగ్టన్ 1903లో వేసిన ‘హిస్ ఫస్ట్ లెసన్’ దగ్గర తీరిగ్గా నిలబడండి. గుర్రం తన్నకుండా వెనక కాలొకటి తాడుతో పైకి కట్టేశారు. ఒకడు తాడు బిగబట్టాడు. రెండోవాడు ఒళ్ళు వెనక్కే ఉంచి, కాలు మాత్రం రికాబు వైపు చాపుతున్నాడు. గుర్రం ఇంకా ఒక్క దూకు కూడా దూకలేదు. అయినా దాని కన్ను చూస్తే రాబోయేదంతా తెలిసిపోతుంది. మా దృష్టిలో ఈ మ్యూజియంలోకెల్లా గొప్ప గుర్రం బొమ్మ ఇదే.

రెమింగ్టన్ ‘బ్రాంకో బస్టర్’ పెయింటింగ్ కాదు, 1895 నాటి కంచు బొమ్మ. అయినా వదలకూడదు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. రౌతు ఒక చేత్తో జూలు పట్టుకున్నాడు, ఇంకో చేతిలో కొరడా, ఒక రికాబు కాలి నుంచి జారి గాల్లో ఊగుతోంది. ఇప్పటి శాడిల్ బ్రాంక్ (జీను వేసిన బ్రాంక్ మీద స్వారీ) పోటీలో రికాబు జారితే స్కోరే ఉండదు, ఖాళీ చెయ్యి గుర్రానికి తగిలినా అంతే. రాంచ్‌లో మాత్రం గుర్రం అలిసేదాకా పడిపోకుండా ఉండటమే లెక్క. జీను కూడా గమనించండి. ముందు కొమ్ము ఉంటే అది పని జీను. పోటీ జీనుకు కొమ్ముండదు, ముందుకు విసిరినప్పుడు అది పొట్టలో గుచ్చుకుంటుంది గనుక.

గుర్రం కాళ్ళు సరిగ్గా వేశారా లేదా అన్నది రెమింగ్టన్ ‘ఎ డాష్ ఫర్ ద టింబర్’ (1889) ముందు నేర్చుకోవచ్చు. ఇది బ్రాంక్ బొమ్మ కాదు, దౌడు బొమ్మ. దౌడులో నాలుగు డెక్కలూ నేల వదిలేది కాళ్ళు చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడిచినప్పుడని 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫోటోలు తేల్చాయి. ఏడడుగుల వెడల్పు కాన్వాస్ కాబట్టి ముందు దూరం నుంచి చూసి, తర్వాత దగ్గరికి వెళ్ళండి.

నీటిరంగు బొమ్మలు వెలుతురుకు వెలిసిపోతాయి, అందుకే ఏ మ్యూజియంలోనైనా అవి ఎప్పుడూ గోడ మీద ఉండవు. ఫలానా బొమ్మ కోసమే వెళ్తుంటే, ప్రదర్శనలో ఉందో లేదో ముందే కనుక్కోండి. డౌన్‌టౌన్‌లోని సిడ్ రిచర్డ్‌సన్ మ్యూజియం కూడా ఉచితమే. రస్సెల్ నీటిరంగుల్లో వేసిన ‘ద బకర్’ (1904) వాళ్ళ దగ్గరుంది.

జనవరి, ఫిబ్రవరిల్లో స్టాక్ షో (పశువుల ప్రదర్శన, రోడియో) జరిగే రోజుల్లో ఆమన్ కార్టర్ చుట్టుపక్కల పార్కింగ్ దొరకడం కష్టం. కానీ పొద్దున బొమ్మలు, సాయంత్రం దగ్గర్లోని డికీస్ అరీనాలో అసలు రోడియో చూడాలంటే అదే అదను.