నేలపట్టు, పులికాట్ రెండ్రోజుల ట్రిప్: కడప నుంచి పోవాలనుకునేవాళ్లకి నా రివ్యూ

మన కడప వాళ్లం తిరుపతికి ఏడాదికి ఎన్నిసార్లు పోతామో లెక్కే ఉండదు, దర్శనం చేసుకునేది, లడ్డు తెచ్చుకునేది, తిరిగొచ్చేసేది. ఆడి నుంచి ఇంకో రెండు గంటలు తూర్పుకి పోతే చలికాలంలో ఏముంటాదో నాకు నలభై రెండేళ్లు వచ్చేదాకా తెలీదు. మొన్న సంక్రాంతి అయిపోయిన వారం మా నాయన, మా ఇంటామె, ఏడో తరగతి చదివే మా పాప, నేను, నలుగురం కారేసుకుని నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు రెండూ చూసొచ్చినాం. వచ్చినప్పటి నుంచి ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో అందరూ ఎట్లుంది, పిల్లోళ్లని తీసుకుపోవచ్చా, ఒక్కరోజులో అయిపోతాదా అని అడుగుతానే ఉండారు, అందుకే వివరంగా ఒకేసారి రాసేస్తాండా.

ముందే చెప్తాండా, ఒక్కరోజులో వద్దు. చానామంది పొద్దున్నే పోయి రోడ్డు పక్కన నిలబడి ఫ్లెమింగోల ఫోటో తీసుకుని సాయంత్రానికి తిరుపతిలో ఉంటారు. అట్ల పోతే సగమే చూసినట్టు. నేలపట్టు, పులికాట్ రెండు వేరే వేరే చోట్లు అనుకుంటాం గానీ పక్షులకి అది ఒకే సంసారం. నేలపట్టు చెరువులో గూళ్లు, పిల్లలు. పులికాట్‌లో చేపలు. రెండింటికీ మధ్య ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటాది, గూడబాతులు (పెలికాన్లు) పొద్దున పోయి చేపలు తిని పిల్లలకి తెచ్చి పెడతాయి. ఇది తెలుసుకుని పోతే చూసే తీరే మారిపోతాది.

దారి చెప్తా. కడప, రాజంపేట, కోడూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట, అక్కడ హైవే ఎక్కి సూళ్లూరుపేట వైపు కొంచెం పోతే దొరవారిసత్రం, ఆ మండలంలోనే నేలపట్టు. మునుపు నెల్లూరు జిల్లా, 2022లో కొత్త జిల్లాలు చేసినప్పటి నుంచి తిరుపతి జిల్లా. మధ్యలో టిఫిన్‌కి, కోడూరు దగ్గర బొప్పాయిలకి ఆగినా మాకు ఆరు గంటలు పట్టింది, ఆగకపోతే ఐదు. రైల్లో పోదామనుకుంటే కడప నుంచి చెన్నై పోయే బండ్లు రేణిగుంట దాటినాక అరక్కోణం మీదగా పోతాయి, సూళ్లూరుపేట గూడూరు–చెన్నై లైన్లో ఉండాది కాబట్టి మారాల్సిందే. పెద్దోళ్లుంటే కారే మేలు.

నేలపట్టుకి మేము మధ్యాహ్నం మూడున్నరకి చేరినాం, అదే మంచిదైంది. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించినారు, మొత్తం 459 హెక్టార్ల దాకా ఉంటాది. టికెట్ పెద్ద భారమేం కాదు. లోపల చిన్న మ్యూజియం ఉంది, పాపకి అదొక అరగంట. ఆ తర్వాత కట్ట మీద నడక, నడిచేకొద్దీ వాచ్ టవర్లు. కట్ట మీద కాలు పెట్టంగానే ముందు చెవులకి తెలుస్తాది, తర్వాతే కండ్లకి. వేల పక్షులు ఒకేసారి గొణుగుతాంటే ఎట్లుంటాదో చెప్పలేను, దూరం నుంచి సంత ఇనపడినట్టు ఉంటాది. వాసన కూడా ఉంటాది, ఎరువు వాసన, పది నిమిషాల్లో ముక్కు అలవాటు పడతాది.

చెరువు నీళ్లలోనే చెట్లు నిలబడి ఉంటాయి. అక్కడి వాచర్ ఒకాయన ఇవి నీటి కడప చెట్లు సార్ అన్యాడు. కడప అన్న మాట ఇనంగానే మా పాప ఎగిరి గంతేసింది, "మన ఊరి పేరు చెట్టు!" అని. నెలల తరబడి నీళ్లలో మొదలు మునిగి ఉన్నా కుళ్లిపోని చెట్టంట అది, చుట్టూ నీళ్లుండేసరికి పిల్లులు, నక్కలు గూళ్ల దగ్గరికి రాలేవు, అందుకే గూడబాతులు దీన్నే పట్టుకున్యాయి. అక్టోబర్, నవంబర్ వానలకి చెరువు నిండితే వస్తాయి, గూళ్లు కట్టి గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోపు పోతాయి. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసిన ఏడాది పక్షులు కూడా తక్కువే. పోయేముందు ఆ సంవత్సరం చెరువుకి నీళ్లొచ్చినాయా లేదా అని కనుక్కుని పోండి.

ఇంక గూడబాతు గురించి. ముక్కు కింద సంచి ఉంటాదే, పెలికాన్, అదే. మా నాయన బైనాక్యులర్లో చానాసేపు చూసి, "ఇది మన గూడే కదరా" అన్యాడు. బావి నుంచో కాలువ నుంచో ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి తాళ్లతో బుట్ట ఊపి నీళ్లు పొలంలోకి ఎత్తిపోస్తారే, అది గూడ. చిన్నప్పుడు ఆయన వాళ్ల అన్నతో కలిసి గూడ ఏసినోడు. ఈ పక్షి కూడా సరిగ్గా అదే పని చేస్తాది, నోటి సంచితో నీళ్లూ చేపా కలిపి ఎత్తి, నీళ్లు వదిలేసి చేపని మింగుతాది. పేరు పెట్టినోళ్లు రైతులే అయ్యుంటారు అని మా నాయన తీర్మానం, నాకూ అదే నిజమనిపిస్తాంది.

టవర్ మీద నుంచి ఒక గూడు బాగా దగ్గరగా కనపడింది. పుల్లలతో కట్టింది, లోపల రెండు పిల్లలు, అప్పటికే కోడి కంటే పెద్దగున్యాయి. తల్లో తండ్రో వచ్చి వాలంగానే రెండూ రెక్కలు కొట్టుకుంటా మీద పడి, ఒకటి తల మొత్తం, మెడ దాకా, ఆ సంచిలో పెట్టేసింది. పెద్దదాని గొంతు బయటికి ఉబ్బి కదుల్తాంది, లోపల పిల్ల తల తిరుగుతాంటే కనపడ్తాంది. మా ఇంటామె భయపడి ఊపిరాడదేమో అన్నాది. అర నిమిషం తర్వాత పిల్ల తల బయటికి తీసింది, ముక్కంతా తడి, రెండోది దూరింది. పై ముక్కు అంచున వరసగా నల్లటి చుక్కలు, చొక్కాకి గుండీలు కుట్టినట్టు, బైనాక్యులర్లో లెక్కపెట్టేంత స్పష్టంగా కనపడినాయి. ఆ చుక్కల వల్లే ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ పెలికాన్ అంటారు.

ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య మాత్రం కదలకండి, టీ తాగాలన్నా ముందే తాగేసి రండి. ఆకాశంలో నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు గుంపులు గుంపులుగా వచ్చి దిగుతాంటాయి. అవి వస్తాంటే చీకట్లో వేటాడే శబరి కొంగలు అదే చెట్ల నుంచి లేచి బయటికి పోతాంటాయి, ఒక షిఫ్ట్ దిగి ఇంకో షిఫ్ట్ ఎక్కినట్టు. గూడబాతులైతే రెక్కలు కొట్టకుండా జారుకుంటా వచ్చి చెట్టు మీద వాలినప్పుడు ఆ బరువుకి కొమ్మ మొత్తం ఊగుతాది. మా పాప ఆ గంటసేపూ ఒక్క మాట మాట్లాడలా.

ఊరోళ్ల గురించి ఒక మాట చెప్పాల. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకి పారితే పైరుకి బలం అని వాళ్ల నమ్మకం, నమ్మకమే కాదు ఎరువు లెక్కన అది నిజమే కూడా. అందుకే తరతరాలుగా కాపాడుకుంటా వస్తాండారు. మన అనంతపురం పక్క వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగల్ని పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డలు అని చూసుకుంటారు కదా, ఇదీ అట్లాంటిదే. వెదురుపట్టు అని ఇంకో ఊరుంది ఆ చుట్టుపక్కలే, అక్కడ ఇండ్ల మధ్య చింతచెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయంట, మాకు టైం చాలక పోలేదు.

రాత్రి బస సంగతి బాధగా చెప్తాండా. హైవే మీద ఒక లాడ్జి ఆన్‌లైన్లో బుక్ చేసి డబ్బులు కట్టేసినాం, పోతే మీ బుకింగ్ మాకు రాలేదు అన్యారు, గంటసేపు ఫోన్లు చేసినాక ఏసీ లేని రూమ్ ఇచ్చినారు, బాత్రూమ్‌లో వేడినీళ్లు లేవు, మా నాయనకి డెబ్బై ఏండ్లు. పేరు రాయను. మీరు మాత్రం ముందురోజు ఫోన్ చేసి నోటిమాటగా ఖాయం చేసుకోండి, లేదంటే నాయుడుపేటలోనో శ్రీకాళహస్తిలోనో ఉండి పొద్దున్నే బయలుదేరండి. అన్నం మాత్రం బాగుంది, చేపల పులుసు నెల్లూరు పద్ధతిలో మామిడికాయేసి చేసినారు, మాకు కారం తక్కువనిపించింది గానీ పాప రెండుసార్లు పెట్టించుకున్నాది.

రెండోరోజు పొద్దున ఆరున్నరకి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు. ఈ రోడ్డు సరస్సు మధ్యలో నుంచే పోతాది, రెండు పక్కలా నీళ్లు, కొన్నిచోట్ల ఒట్టి బురద. చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, సముద్రానికీ దీనికీ అడ్డంగా శ్రీహరికోట దీవి. రాకెట్ కేంద్రం (షార్) గేటు దాకా పోవచ్చు, లోపలికి పాస్ లేకుండా పోనీరు. దారిలో అటకానితిప్ప దగ్గర అటవీశాఖ కేంద్రం, టవర్ ఉండాయి, ఆడ ఆగండి. రోడ్డు మీద షార్ ఉద్యోగుల బస్సులు జోరుగా పోతాంటాయి, పిల్లోళ్ల చెయ్యి వదలొద్దు.

ఫ్లెమింగోలు మొదట దూరంగా ఒక తెల్లటి గీత లెక్క కనపడినాయి, ఇంత దూరం వచ్చింది దీనికేనా అనిపించింది నిజంగా. ఒక కిలోమీటర్ ముందుకు పోయినాక రోడ్డుకి నూరు నూటయాభై మీటర్లలో ఒక గుంపు దొరికింది. నిలబడినప్పుడు తెలుపు మీద లేత గులాబీ, అంతే. ఒకటి రెక్క విప్పిందా, లోపల కుంకుమ రంగు, కింద అంచు నలుపు. తినేటప్పుడు తల తలకిందులుగా పెడతాది, పై ముక్కు కిందికి వస్తాది, బురదనీళ్లని నాలుకతో లోపలికి లాగి, ముక్కు అంచుల్లో ఉండే జల్లెడ లాంటి దాంట్లో నుంచి బయటికి వదుల్తాది, చిన్న చిన్న పురుగులు, రొయ్య పిల్లలు, నాచు లోపలుండిపోతాయి. ఆ తిండిలో ఉండే రంగే ఒంటికి పడ్తాది, పిల్లలప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి. తింటా తింటా ఒకేచోట కాళ్లతో గబగబా తొక్కుతాంటాయి బురదని కదిలించేదానికి, అది చూసి మా నాయన, "మట్టి తొక్కినట్టే తొక్కుతాందే" అన్యాడు, ఇల్లు కట్టేటప్పుడు గోడకి మట్టి తొక్కేది గుర్తొచ్చి. ఇవి ఇక్కడ గుడ్లు పెట్టవు, గుజరాత్ కచ్ వైపు ఉప్పునేలల్లో పెడతాయి, ఇక్కడికి తిండికే వస్తాయి. సూదితోక బాతులు, తెడ్డుమూతి కొంగలు కూడా బాగా కనపడినాయి, పొద్దున కొన్ని గూడబాతులు కూడా చేపల కోసం దిగినాయి, నిన్న చూసినవేనేమో అని పాప ఒక్కోదాన్నీ పరీక్షగా చూసింది.

అక్కడ జరిగిన ఒకటి మాత్రం ఇంకా మనసులో నుంచి పోలేదు. ఒక కారొచ్చి ఆగింది, నలుగురు దిగినారు, పక్షులు ఎగిరే ఫోటో కావాలని హారన్ కొట్టి, అరిచి, ఒకడు రాయి కూడా ఏసినాడు. మొత్తం గుంపు నీళ్ల మీద పరిగెత్తి లేచి కిలోమీటర్ అవతలికి పోయింది. మేము చెప్తే నవ్వినారు. అంత దూరం నుంచి ఎగిరొచ్చి నాలుగు నెలలు తిని ఒళ్లు బాగు చేసుకునే జీవాలు అవి, తినే టైంలో లేపితే ఆ తిండీ పాయె, ఉండే బలమూ పాయె. దయచేసి అట్ల చేయకండి, కారులోనే కూర్చుని అద్దం దించి చూస్తే పక్షులు బెదరవు, దిగితేనే బెదుర్తాయి, ఇది మాకు అనుభవంలో తెలిసింది. చిప్స్ కవర్లు కూడా కారులోనే పెట్టుకోండి.

అక్కడ వలలు సర్దుకుంటాన్న ఒక జాలరి పెద్దాయనతో మా నాయన మాట కలిపినాడు. రాయదొరువు దగ్గర సముద్రం ముఖద్వారం ఇసుకతో పూడిపోతే ఉప్పునీళ్లు లోపలికి రావు, చేపా రొయ్యా తగ్గిపోతాయి, మాకూ లేదు పక్షికీ లేదు అన్యాడు ఆయన. పూడిక తీస్తాం తీస్తాం అని ఏండ్లుగా వింటానే ఉండామని కూడా అన్యాడు. నీళ్లు రాక చెరువు ఎండితే ఎట్లుంటాదో మనకి వేరే వాళ్లు చెప్పాల్నా.

బైనాక్యులర్ లేకుండా మాత్రం పోవద్దు. మేము మొదట ఆన్‌లైన్లో ఇరవై రెట్లు అని రాసిన చవకది ఒకటి కొన్యాం, చేతిలో పట్టుకుంటే బొమ్మ ఊగిపోతాది, ఏమీ కనపడదు, తిప్పి పంపించేసినాం. తర్వాత ఫ్రెండ్ దగ్గర 8×42 తీసుకున్యాం. మొదటి అంకె ఎన్నిరెట్లు పెద్దగా చూపిస్తాదో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 8×42 అయితే చెయ్యి వణికినా పర్వాలేదు, సాయంత్రం మసక వెలుతుర్లో కూడా కనపడతాది, నేలపట్టులో అదే కదా కావాల్సింది. ఇవి కాకుండా టోపీ, నీళ్లు, రంగు తక్కువ బట్టలు, చెనిక్కాయలు. ఫోన్లో మెర్లిన్ అనే ఉచిత యాప్ వేసుకుంటే ఫోటో పెట్టి పక్షి పేరు కనుక్కోవచ్చు, పాప మొత్తం 34 రకాలు రాసుకున్నాది నోట్‌బుక్‌లో.

జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తారు, అప్పుడు బి.వి.పాలెంలో పడవ షికారు, స్టాళ్లు, కల్చరల్ ప్రోగ్రాములు అన్నీ ఉంటాయి, పిల్లోళ్లకి సందడి కావాలంటే అప్పుడు పోండి. మేము ప్రశాంతంగా చూడాలని కావాలనే ఆ రోజులు వదిలేసినాం. నా లెక్కలో నేలపట్టు సాయంత్రానికి ఐదుకి ఐదు, పులికాట్ పొద్దుటికి నాలుగున్నర, లాడ్జికి ఒకటి.

మా నాయన పుట్టింది పోరుమామిళ్ల పక్కన. పోరుమామిళ్ల చెరువంటే 1369 నాటి శాసనం ఉండే చెరువు, విజయనగర రాజుల కాలంలో కట్టింది. తిరిగొచ్చేటప్పుడు రాజంపేట దాటినాక ఉన్నట్టుండి, "మన చెరువు మీదికి కూడా చలికాలం ఏవో వచ్చేటివిరా, మేం అన్నీ కొంగలే అనుకున్యాం" అన్యాడు. ఫ్రెండ్‌కి బైనాక్యులర్ ఇంకా తిరిగియ్యలేదు. వచ్చే ఆదివారం నాయన్నీ పాపనీ తీసుకుని పొద్దున్నే ఆ కట్ట మీదికి పోతాండాం.