రంగు ఎంచుకోమని పిలుస్తారు, సంతకం దేనికో చూసుకోండి

మా కొత్త ఫ్లాట్ టైల్స్ గొడవ ఇది, నిన్న సాయంత్రం జరిగింది, ఇంకా కడుపు మంట తగ్గలేదు. అటూ ఇటూ రాస్తే ఏమీ అనుకోకండి. బిల్డర్ పేరు రాయను. సైట్ చూడటానికి ఏసీ కారు పంపి, కొబ్బరినీళ్లు ఇచ్చి, "మీరు మా ఫ్యామిలీ సార్" అనే బాపతు. హైదరాబాద్‌లో ఫ్లాట్ల కోసం తిరిగినవాళ్లకి ఈ మర్యాదలు తెలిసినవే.

అగ్రిమెంట్ చివర స్పెసిఫికేషన్ల పేజీ ఉంటుంది కదా. అందులో హాలుకీ బెడ్‌రూములకీ డబుల్ చార్జ్ విట్రిఫైడ్ టైల్స్, బాత్రూముల్లో యాంటీ స్కిడ్ అని స్పష్టంగా ఉంది. మొన్న పూజగది గడప దగ్గర మా మేస్త్రీ ఒక టైల్ కోసి, ముక్క నా చేతిలో పెట్టాడు. "సార్, ఇది డబుల్ చార్జ్ కాదు, జీవీటీ. పైన ఉన్నది ప్రింటే" అన్నాడు. జీవీటీ అంటే గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్. డబుల్ చార్జ్ అయితే పై రంగు పొరే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, అరిగినా రంగు పోదు. నా ముక్క అంచున కాగితమంత ప్రింటు, కిందంతా బూడిదరంగు. బిందె జారిపడితే అక్కడ బూడిద మచ్చే. ఇక బాత్రూములో నీళ్లు పోసి నడిచి చూస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మా అమ్మ ఉండబోయేది ఈ ఇంట్లోనే.

ముక్క జేబులో వేసుకుని వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. అగ్రిమెంట్ తీసి టేబుల్ మీద పెట్టాను. కస్టమర్ రిలేషన్స్ మేడమ్ దాన్ని ముట్టుకోనైనా లేదు. వెనక బీరువాలోంచి ఒక ఫైలు తీసి, కాగితం నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది. "సార్, ఈ సంతకం మీదేనా?"

నాదే. నాలుగు నెలల కిందట, "మీ సంతకం లేక మేస్త్రీలు ఖాళీగా కూర్చున్నారు సార్" అని రెండు రోజులు ఫోన్లు చేసి పిలిపించారు. పైన పెద్దక్షరాల్లో 'కలర్ సెలక్షన్' అని ఉంది. ఐవరీయా, లేత గ్రేనా అని నేనూ మా ఆవిడా నలభై నిమిషాలు వాదించుకున్నాం. పక్క గడిలో జీవీటీ అని ఉన్న కోడ్ ఇద్దరం చూడలేదు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, అగ్రిమెంట్ స్పెసిఫికేషన్లకు బదులు ఈ ఎంపికలకు కొనుగోలుదారు సమ్మతిస్తున్నారని ఒక లైను. దాని కింద నా అందమైన సంతకం.

"పైగా జీవీటీ లేటెస్ట్ సార్, మీకు అప్‌గ్రేడ్ చేశాం" అంది నవ్వుతూ. నయం, అప్‌గ్రేడ్‌కి డబ్బులు అడగలేదు! బాత్రూము సంగతి ఎత్తితే "తడిస్తే ఏ టైలైనా జారుతుంది సార్" అని ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది.

నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. బిల్లులో పదకొండు రూపాయల తేడా వస్తే మూడుసార్లు వెనక్కి పంపే మనిషిని. ఆఫీసులో నన్ను పీనాసి అంటారు కూడా. జీవితంలో అతిపెద్ద బిల్లు దగ్గరికొచ్చేసరికి రంగు చూసి సంతకం పెట్టాను. రాత్రి రెరా చట్టం, అంటే ఇళ్లు కొనేవాళ్ల రక్షణకున్న రియల్ ఎస్టేట్ చట్టం, సెక్షన్ 14 చదివాను. ఒప్పుకున్న స్పెసిఫికేషన్లు, ఫిట్టింగులు కొన్నవాళ్ల ముందస్తు సమ్మతి లేకుండా మార్చకూడదని ఉంది. ఆ సమ్మతే నా చేత రాయించుకున్నారన్నమాట. సోమవారం లాయర్ దగ్గరికి వెళ్తున్నాను, ఆ చిన్నక్షరాల లైను ఎంతవరకు నిలుస్తుందో ఆయనే చెప్పాలి.

మీరు మాత్రం అలాంటి షీట్ ఇస్తే అగ్రిమెంట్ పేజీ పక్కన పెట్టుకుని టైల్ రకం, సైజు, కోడ్ చూశాకే రంగు దగ్గరికి వెళ్లండి. సంతకం పైన "రంగు ఎంపికకు మాత్రమే, అగ్రిమెంట్ స్పెసిఫికేషన్లలో మార్పు లేదు" అని చేత్తో రాయండి, ఫొటో తీసుకోండి. సైట్‌కి వచ్చిన టైల్ పెట్టెల మీది అక్షరాలకీ ఒక ఫొటో.

మా పక్క టవర్ వాళ్లకి ఈ శనివారం రంగులు చూసుకోమని ఫోన్లు వెళ్తున్నాయట. తెలిసినవాళ్లుంటే ఈలోపే ఇది చేరవేయండి.